సగటు గ్రామం తుంగలపాడు

ప్రాంతీయ విధాన సంస్కరణల ఆలోచనా వేదిక ఆ జిల్లా కేంద్రంలో ఒక టైల్స్ షోరూము పై అంతస్తులో ఉండేది. లాభాపేక్ష లేని సంస్థ అన్న మాటను బోర్డు మీద సంస్థ పేరు కన్నా పెద్ద అక్షరాలతో రాయించారు. అక్కడ జరిగే పని ఆలోచించడం. రాష్ట్రాన్ని ఎలా నడపాలో ఆలోచించి, ఆ ఆలోచనను నివేదికగా రాసి, నున్నటి కాగితం మీద అచ్చు వేయించి సచివాలయానికి పంపేవారు. సచివాలయం వాళ్ళు అందినట్టు రసీదు పంపేవారు. ఆ రసీదులకు ఫ్రేములు కట్టించి డైరెక్టరుగారి గది నిండా తగిలించారు.

డైరెక్టరు డాక్టర్ విద్యాధరరావుగారికి ప్రభుత్వం దేంట్లో వేలు పెట్టినా నచ్చేది కాదు. తన మాట విని పెడితే మాత్రం అభ్యంతరం లేదు. పరిశోధన విషయంలో ఆయనకు రెండు పట్టింపులు. ఒకటి, పల్లెకు వెళ్ళి జనాన్ని అడగకుండా ఏ నివేదికా గడప దాటకూడదు. రెండోది, అలా వెళ్ళిన పరిశోధకుడు అక్కడ వినాలే తప్ప చూడకూడదు. "మనం చూసింది మన అభిప్రాయం, వాళ్ళు చెప్పింది డేటా" అని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవారు. ఈ సూత్రాన్ని ఆయన ఏ సదస్సులో వినిపించినా శ్రోతలు నోట్సు రాసుకునేవారు.

పరాంకుశం అనే పరిశోధనాధికారి ఈ సూత్రం కింద ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఎవరైనా గొంతు పెంచితే తప్పు తనదేనేమో అనుకునే రకం. జీపెక్కి పల్లెకు వెళ్ళడం, ప్రశ్నలు అడగడం, జవాబులు రాసుకురావడం అతని వంతు.

పల్లె అంటే అన్ని పల్లెలూ కాదు. హైవే పక్కన వెంకాయమ్మ మెస్ అని ఒకటుంది. అక్కడ కొర్రమీను పులుసు తిన్నవాడు మళ్ళీ ఇంకో చోట భోంచేయడు. ఆ మెస్సుకు దగ్గరలో ఉన్న ఊరు తుంగలపాడు. మొదట్లో వేదిక జీపు నలుదిక్కులా తిరిగేది. పోనుపోను మధ్యాహ్నం వేళకు మెస్సు అందే దారులే మిగిలాయి. రైతుల ఆదాయం, బాలింతల రక్తహీనత, పల్లెల్లో సెల్‌ఫోన్ల వాడకం, వృద్ధుల మనోధైర్యం, అన్నీ తుంగలపాడులోనే తేల్చేవారు. నివేదికలో మాత్రం "గ్రామీణ రాష్ట్రం" అని రాసేవారు.

తుంగలపాడు జనం కూడా ఈ పనిలో ఆరితేరారు. జీపు కనబడగానే ఇవాళ ఏ సంగతని అడిగి, దానికి తగిన మనిషిని వాళ్ళే పిలుచుకొచ్చేవారు. అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను, అంగీకరించను అన్న మూడు జవాబుల్లో మధ్యది చెబితే పని తొందరగా తెములుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. మొదటి ఇంటివాళ్ళు ఏం చెప్పారో కనుక్కుని తక్కిన ఇళ్ళవాళ్ళు అదే చెప్పేవారు. పరాంకుశానికి ఇది తెలుసు. కానీ ఎవరూ అడగలేదు కనక అతను చెప్పలేదు.

ఆ ఏడాది సచివాలయంలోకి కొత్త ప్రణాళికా కార్యదర్శి వచ్చాడు. విదేశంలో ఆరు వారాల శిక్షణ తీసుకుని వచ్చినవాడు. ఇన్ని వేల ఊళ్ళ గురించి ఆలోచించడం కాలహరణమని, అన్ని విధాలా సగటుగా ఉండే ఒక్క ఊరు దొరికితే అందులో పనికొచ్చింది అన్ని ఊళ్ళకూ పనికొస్తుందని ఆయన అభిప్రాయపడ్డాడు. అలాంటి ఊరిని కనిపెట్టి చెప్పమని వేదికను కోరాడు.

పరాంకుశం రాష్ట్రపు సగటు అంకెలన్నీ ఒకచోట వేసుకుని, ఒక్కో ఊరినీ వాటితో పోల్చి చూశాడు. ఏ ఊరూ సరిపోలేదు, తుంగలపాడు తప్ప. అది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, ఆ సగటు కట్టిందే తుంగలపాడు జవాబులతో. ఈ మాట అతను తల గోక్కుంటూ డైరెక్టరుగారికి విన్నవించుకున్నాడు.

"ఒక ఊరు రాష్ట్రంతో ఇంత కచ్చితంగా సరిపోవడం సందేహించవలసిన విషయం కాదు పరాంకుశం. ఆనందించవలసిన విషయం" అన్నారు విద్యాధరరావుగారు.

ఈసారి సచివాలయం నుంచి రసీదు రాలేదు, ఏకంగా ఉత్తర్వే వచ్చింది. వేదిక చెప్పిన మాటను ప్రభుత్వం వినడం అదే మొదలు. డైరెక్టరుగారు ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూసి, ఇది మనకు రావలసిందేనా అని టైపిస్టును అడిగారు. తరవాత అందరికీ మైసూరుపాకు పంచారు.

ఉత్తర్వు ప్రకారం తుంగలపాడు ఇక మీదట రాష్ట్ర సగటు గ్రామం. ప్రభుత్వ విధానాలన్నీ ముందు అక్కడ పరీక్షించి చూస్తారు. అందుకని ఆ ఊరు ఎప్పటికీ సగటుగానే ఉండాలి. దాన్ని సగటు కన్నా పైకి లేపే పని గానీ, కిందికి దించే పని గానీ ఎవరు చేసినా అది "సగటు భంగం" కింద లెక్క. ఏడాదికోసారి వేదిక సర్వే చేసి, ఊరు సగటుగానే ఉందని ధ్రువీకరించాలి. ఊరి మొగలో ఆకుపచ్చ బోర్డు పెట్టారు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. వారం తిరక్కుండా వంతెన పని ఆగిపోయింది.

ఆ వంతెన కథ చెప్పాలి. తుంగలపాడులో ఏడో తరగతి దాకానే బడి ఉంది. హైస్కూలు వాగుకు అవతల. వానలు మొదలైతే వాగు మొలలోతు పారుతుంది. మగపిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని దిగి పోతారు. ఆడపిల్లల్ని ఇళ్ళలో పంపరు. అందుకే తుంగలపాడు నుంచి ఒక్క ఆడపిల్లా పదో తరగతి మొహం చూడలేదు. లూర్దమ్మ వంతెన వేయిస్తానన్న ఒక్క మాట మీద సర్పంచిగా గెలిచింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి మంజూరు చేయించుకుంది. వాగు ఒడ్డున ముగ్గుతో గీతలు కూడా గీశారు. తల్లి లేని మనవరాలు రూతును పెంచుతున్నది ఆమే. ఆ పిల్ల అప్పుడు ఏడో తరగతి చదువుతోంది. వచ్చే జూన్‌లో ఎనిమిదికి వాగు దాటాలి.

గీతలు గీసినవాళ్ళు వచ్చి వాటిమీద మట్టి పోసి పోయాక లూర్దమ్మ బస్సెక్కి వేదికకు వచ్చింది. మేడ మెట్లెక్కి ఆయాసపడుతూ పరాంకుశం ఎదురుగా కూర్చుంది.

"సగటు ఊరంటే మంచిదా, చెడ్డదా సారూ?" అని అడిగింది.

"మంచీ కాదు, చెడ్డా కాదండీ. మధ్యస్థం."

"రెండూ కానప్పుడు మా వంతెన ఎందుకాగింది?"

పరాంకుశం ఆమెను డైరెక్టరుగారి గదిలోకి తీసుకెళ్ళాడు. విద్యాధరరావుగారు చాలా మర్యాదగా కూర్చోబెట్టి, ఓపిగ్గా విడమర్చి చెప్పారు. రాష్ట్రంలో వాగుపక్క ఊళ్ళలో సగానికి పైగా వంతెన లేదని, కనక వంతెన లేకపోవడమే సగటు గ్రామానికి సహజ లక్షణమని అన్నారు. ఆ ఊరికి వంతెన కట్టడమంటే జ్వరం కొలిచే థర్మామీటరును చల్లటి నీళ్ళలో పెట్టడం లాంటిదన్నారు. మిగతా ఊళ్ళన్నిటికీ వంతెనలు వచ్చిన మర్నాడే తుంగలపాడుకు రావడం ఎవరూ ఆపలేరని హామీ కూడా ఇచ్చారు.

లూర్దమ్మ ఆ మిగతా ఊళ్ళ సంగతి కనుక్కుంది. ఇంజనీర్లు వాళ్ళకు చెప్పిన మాట వేరుగా ఉంది. సగటు గ్రామంలో అవసరమని తేలిన పనులకే ఇక మీదట మంజూరు. సగటు గ్రామంలో వంతెన ఆపేశారంటే అవసరం లేదనేగా అర్థం. అక్కడ కట్టాక మీకు కడతామన్నారు. ఆ విధంగా వాళ్ళకు వచ్చాక తుంగలపాడుకు, తుంగలపాడుకు వచ్చాక వాళ్ళకు. ఈ ఏర్పాటు వల్ల ప్రభుత్వానికి చాలా ఆదా అయిందని కార్యదర్శి వేదికకు అభినందన లేఖ రాశాడు. దానికీ ఫ్రేము కట్టించారు.

ఈలోగా ఊళ్ళోకి సగటు పరిరక్షణ ప్రత్యేకాధికారి దిగాడు. పేరు మార్కండేయులు. మరీ పొడుగూ కాదు, పొట్టీ కాదు. ఎత్తూ బరువూ చూసే ఈ ఉద్యోగానికి తీసుకున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. పంచాయతీ ఆఫీసులో బల్ల వేసుకుని, పొద్దున్నే వీధుల్లో తిరిగేవాడు.

మొదట కోటయ్య మిరప చేను చూసి నిలబడిపోయాడు. ఆ ఏడు కాపు విరగకాసింది. రాష్ట్ర సగటుకు మించిన పంట ఊరి పొలిమేరలో ఉండకూడదని, మించినదాన్ని పక్క ఊళ్ళో పండినట్టు నమోదు చేయించుకోమని నోటీసిచ్చాడు. తరవాత ఎనభై దాటిన ఏసోబు తాతను పలకరించి, వయసడిగి, నొచ్చుకున్నాడు. సగటు ఆయుర్దాయాన్ని తమరు చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్నారని చెప్పాడు. తాత కంగారుపడి కూతురి ఊరికి పోయాడు. ముగ్గురు పిల్లలున్న ఒకాయన్ను పిలిచి, ఇద్దరికి కాస్త తక్కువగా ఉండాలి గదా అని బుజ్జగించాడు. ఎవరి మీదా కోపం లేదు పాపం. ఎవరైనా అనుకోకుండా బాగుపడతారేమోనని ఆయన భయం ఆయనది.

చివరికి బడికి వెళ్ళాడు. రూతుకు పరీక్షలో నూటికి తొంభై నాలుగు వచ్చాయి. మార్కండేయులు ఆ కాగితం చేత్తో పట్టుకుని లూర్దమ్మ ఇంటికి వచ్చి, అమ్మాయి ప్రతిభ ప్రశంసనీయమే అయినా సగటు గ్రామ పరిధిలో వాంఛనీయం కాదని చెప్పాడు. ఆ సమయానికి పరాంకుశం అక్కడే ఉన్నాడు, సర్వే తారీఖు ఖరారు చేసుకోవడానికి వచ్చి. పిల్ల వాకిట్లో నిలబడి వింటోంది. ఇంకా నయం, వచ్చే ఏడు ఎలాగూ బడి మానేస్తుంది కనక ఈ లోపం దానంతటదే సర్దుకుంటుందని ప్రత్యేకాధికారి సంతృప్తిగా అన్నాడు.

పరాంకుశానికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మార్కండేయులు మీద కాదు, తన మీద. ఆ ఊరిని సగటు అని రాసింది తన చెయ్యే. ఆ పూట మెస్సులో అన్నం సహించలేదు.

ఏప్రిల్‌లో సర్వే మొదలైంది. ఆనవాయితీ ప్రకారం మొదటి ఇల్లు సర్పంచిది. ఆ ఇల్లు వాగు ఒడ్డునే. లూర్దమ్మ వేపచెట్టు కింద నులకమంచం వాల్చింది. ఎదురుగా వాగు, అవతల హైస్కూలు పెంకులు కనిపిస్తున్నాయి. పరాంకుశం ప్రశ్నలు వరసగా అడుగుతూ పోయాడు. మరుగుదొడ్డి, కుళాయి, వీధిదీపం, ఆమె చెబుతోంది, అతను రాస్తున్నాడు.

"గ్రామానికి వాగు మీద వంతెన ఉందా?"

"ఉంది" అంది లూర్దమ్మ.

పరాంకుశం కలం ఆగింది. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.

"ఉందంటారా?"

"ఉందంటున్నాగా. మీరు చూడకూడదు, వినాల. మీ పెద్దసారు మాటని మీరే ఎన్నోసార్లు చెప్పారుగా. ఎన్నేళ్ళు చెప్పించుకోలా మీరు మాతోటి. మీ కాగితంలో ఉన్నట్టే మా ఊరుండాలంటగా."

తలెత్తితే వాగు. వాగు మీద ఏమీ లేదు. తలెత్తి రాస్తే వంతెన లేదు, పిల్ల ఎనిమిదికి పోదు. తలెత్తకుండా రాస్తే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చూస్తారు, తన ఉద్యోగం పోతుంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి అతను వేదిక సూత్రాన్ని మనసా వాచా పాటించాడు. తలవంచుకుని, ఉంది అని రాశాడు.

"ఎప్పుడు కట్టారు?" అది తరవాతి ప్రశ్న.

అక్కడిదాకా లూర్దమ్మ ఆలోచించుకోలేదు. గుమ్మంలో కూర్చున్న రూతు వంక చూసింది. ఆ పిల్ల వయసే నోటికొచ్చింది. "పన్నెండేళ్ళయింది" అంది. స్థితి ఎలా ఉంది, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు అంటే అలవాటుకొద్దీ మధ్యది చెప్పింది.

సాయంత్రానికి ఊరంతా ఆ వంతెన ఉంది. పన్నెండేళ్ళ కిందట కట్టారు, ఫరవాలేదు. కోటయ్య ఒకడుగు ముందుకేసి, ఎడమ వైపు పిట్టగోడను లారీ గుద్ది పగలగొట్టిందని, పట్టించుకున్న నాథుడు లేడని ఫిర్యాదు కూడా రాయించాడు. పరాంకుశం అదీ రాసుకున్నాడు.

నివేదిక అచ్చయింది. సగటు గ్రామానికే పన్నెండేళ్ళుగా వంతెన ఉందంటే రాష్ట్రమంతటా ఉన్నట్టేనని శాసనసభలో మంత్రిగారు ప్రకటించారు. బల్లలు చరిచారు. పొరుగు రాష్ట్రాల ప్రణాళికా కార్యదర్శులు ఈ అద్భుతాన్ని చూడటానికి జూన్‌లో వస్తామని ఉత్తరం రాశారు. అప్పుడు మార్కండేయులు దగ్గరనుంచి ఒక రహస్య నివేదిక వచ్చింది. తాను ఎంత వెతికినా సదరు వంతెన దృష్టిగోచరం కావడం లేదని అందులో ఉంది.

సచివాలయంలో అత్యవసర సమావేశం పెట్టారు. విద్యాధరరావుగారి మొహం సున్నం కొట్టినట్టుంది. అందరి ముందూ పరాంకుశం వైపు తిరిగి, వంతెనను నువ్వు చూశావా అని అడిగారు.

"చూడలేదండీ" అన్నాడు పరాంకుశం. "చూస్తే అభిప్రాయం అవుతుంది కదండీ. విన్నాను. ఊరంతా ఒకే మాట చెప్పింది. ఒక్క జవాబు కూడా తేడా లేదు."

డైరెక్టరుగారు ఏదో అనబోయి, కాదంటే తన సూత్రమే ఏమవుతుందో తోచి, సర్వే ఆ విధంగానే జరగాలి అన్నారు.

కార్యదర్శి ఒక కాగితం తీసుకుని రెండు గళ్ళు గీశాడు. "ఇక్కడ రెండే అవకాశాలున్నాయి. డేటాలో దోషమన్నా ఉండాలి, క్షేత్రంలో దోషమన్నా ఉండాలి. డేటా తప్పయితే సగటు గ్రామం తప్పు, దాని మీద తీసుకున్న విధానాలు తప్పు, గౌరవ మంత్రివర్యుల ప్రకటన తప్పు. అందుచేత దోషం క్షేత్రానిదే. క్షేత్రాన్ని డేటాకు అనుగుణంగా సవరించవలసిందిగా ఆదేశిస్తున్నాను" అన్నాడు.

వంతెన కడితే సగటు భంగం కాదా అని మార్కండేయులు సందేహపడ్డాడు. కొత్తగా కడితే భంగమని, ఉన్నదాన్ని ఉండేలా చేయడం పరిరక్షణ కిందికే వస్తుందని కార్యదర్శి తేల్చాడు. మార్కండేయులు ఊపిరి పీల్చుకుని, పని తానే దగ్గరుండి చేయిస్తానన్నాడు.

చేయవలసింది పన్నెండేళ్ళ పాత వంతెన. స్థితి ఫరవాలేదు. ఎడమ వైపు పిట్టగోడ లారీ గుద్దినట్టు పగిలి ఉండాలి. ఇది సాధ్యమేనా అని ఇంజనీరు బెరుకుగా అడిగితే కాంట్రాక్టరు నవ్వాడు. తమ చేతిమీదుగా పూర్తయిన రోజుకే పన్నెండేళ్ళ పాతగా కనిపించే వంతెనలు చాలా ఉన్నాయని, కావాలని అడిగింది మాత్రం ఇదే మొదటిసారని అన్నాడు. ఎండల్లో రాత్రింబగళ్ళు పని సాగింది. పాచి పట్టడానికి మజ్జిగ పోశారు. శిలాఫలకం మీద పన్నెండేళ్ళ కిందటి మంత్రి పేరు చెక్కించారు. ఆయన ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాడు. కబురు తెలిసి పూలదండతో వచ్చి, ఈ వంతెన కోసం ఆ రోజుల్లో తానెంత కష్టపడ్డాడో విలేకరులకు కళ్ళనీళ్ళతో చెప్పాడు.

పొరుగు రాష్ట్రాలవాళ్ళు వచ్చారు, వంతెన మీద నడిచారు, ఫరవాలేదన్నారు. వెంకాయమ్మ మెస్సులో భోంచేసి వెళ్ళారు.

ప్రారంభోత్సవం లేదు. పన్నెండేళ్ళుగా వాడుకలో ఉన్నదానికి రిబ్బను కత్తిరించడం భావ్యం కాదన్నారు. బడి తెరిచిన రోజు పొద్దున వాన పడుతోంది. వాగు ఎర్రగా పారుతోంది. రూతు గొడుగు వేసుకుని, ఇంకో నలుగురు ఆడపిల్లలతో కలిసి వంతెన మీదుగా అవతలికి నడిచింది. తుంగలపాడు ఆడపిల్లలు వానలో హైస్కూలుకు పోవడం అదే మొదలు. పిల్లలు అవతలి గట్టెక్కేదాకా లూర్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూసింది. ఈసారి చూడటానికే వచ్చిన పరాంకుశం కళ్ళు కూడా చెమర్చాయి. అతను తుడుచుకోలేదు.

అంతలో మార్కండేయులు ఒక కాగితంతో వచ్చి, బాధ్యతగా ఒక విషయం తెలియపరిచాడు. ఈ తరహా వంతెనకు శాఖ నిర్ణయించిన ఆయుష్షు పదిహేనేళ్ళు. పన్నెండు ఇప్పటికే గడిచిపోయాయి. మూడేళ్ళ తరవాత శిథిలం కింద రాసి, రాకపోకలు ఆపి, కూల్చివేయడం జరుగుతుంది. అది చెప్పి లూర్దమ్మ సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

పరాంకుశం అతని వెనకే రెండడుగులు వేశాడు. లూర్దమ్మ మాత్రం వేళ్ళు మడుచుకుంటూ లెక్క పెట్టుకుంది.

"ఎనిమిది, తొమ్మిది, పది. మా రూతుకు సరిపోద్ది సారూ" అంది. తరవాత అవతలి గట్టు వైపు చూసింది. "పదయినాక కాలేజీకి పట్నం పంపాల. అంత దూరం ఒక్కదాన్నే ఎట్టా పంపేది. మీ సర్వేలో ఆడపిల్లల కాలేజీ గురించి ప్రశ్నేమన్నా ఉందా?"

లేదని చెప్పబోయి పరాంకుశం ఆగాడు. ప్రశ్నలు రాసేది తనే. జేబులోంచి కలం తీశాడు.

"ఉంటుందండీ" అన్నాడు. "మీ కాలేజీ కట్టి ఎన్నేళ్ళయిందో మాత్రం ఈసారి కాస్త ఆలోచించి చెప్పండి."